ఓణీల వేడుకను ఊరూపేరూ తెలియనివారు చూడాలా?

సంపాదకులకు,

అయ్యా,

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పెళ్లికైనా, ఓణీల వేడుకకైనా, చెవులు కుట్టించే శుభకార్యానికైనా ఫొటో స్టూడియో వారితో బేరం కుదుర్చుకునేటప్పుడు ఆల్బమ్, డ్రోన్, ఎల్‌ఈడీ తెరలతో పాటు ‘లైవ్’ కూడా ఆర్డరులో ఒక పద్దుగా చేరిపోయింది. శుభలేఖ అడుగున క్యూఆర్ కోడ్ అచ్చు వేయించి, రాలేనివారు ఇంటి నుంచే ఆశీర్వదించవలసిందిగా కోరడం ఒక మర్యాదగా మారింది. ఆ వసతిని తప్పుపట్టడానికి నేను ఈ ఉత్తరం రాయడం లేదు. అది మా కుటుంబానికి ఎంత సంతోషం ఇచ్చిందో, మూడు వారాలు తిరగకముందే ఎంత క్షోభ పెట్టిందో చెప్పి, ఒక చిన్న జాగ్రత్తను మన పద్ధతుల్లో భాగం చేసుకోవాలని తల్లిదండ్రులను, స్టూడియోల వారిని, కల్యాణ మండపాల యజమానులను వేడుకోవడానికి రాస్తున్నాను.

నేను తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేసి తిరుపతిలో స్థిరపడిన వాణ్ణి. గత వేసవిలో మా అమ్మాయి కూతురికి ఓణీల వేడుక చేశాం. ఓణీ పెట్టవలసిన మేనమామ, అంటే నా కొడుకు, టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవు దొరకక, తెలిసినవారి చేత ఓణీ మాత్రం ముందుగా పంపించాడు. వాడి కోసమే లైవ్ పెట్టించాం. మాకు ఉదయం 7 గంటలకు నలుగు మొదలైతే వాడికి అక్కడ ముందురోజు రాత్రి 8:30. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి అందరూ అక్షింతలు వేస్తున్న వేళకు, వాడూ నా కోడలూ ఇంట్లో కలిపి పెట్టుకున్న అక్షింతలను తమ టీవీ తెర మీద చల్లుతూ వీడియో కాల్‌లో కనిపించారు. పీలేరులో మంచం దిగలేని స్థితిలో ఉన్న మా అక్క, పక్కింటి అబ్బాయి పట్టుకున్న ఫోన్‌లో ఆ వేడుకంతా చూసి కళ్లు తుడుచుకుందని తర్వాత విన్నాను. ఆ రోజు ఆ లైవ్‌ను కనిపెట్టినవారికి మనసులో నమస్కారం పెట్టుకున్నాను. ఆ మాటను ఈనాటికీ వెనక్కి తీసుకోను.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం పిల్ల ట్యూషన్ నుంచి వచ్చి, అన్నం తినకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల. ఏ చిన్న మాటకో అలిగిందనుకున్నాం. రాత్రి పదింటికి వాళ్ల అవ్వ దగ్గర నోరు విప్పింది. తోటి విద్యార్థి ఒకరు దాని ఫోన్‌కు ఒక క్లిప్ పంపారు. మంగళస్నానం చేయించేటప్పుడు మేనత్తలు తల మీద జల్లెడ పట్టి, పూలు కలిపిన పసుపు నీళ్లు పోస్తుండగా, పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని నవ్విన ఇరవై సెకన్ల ముక్క అది. ఎవరో దాన్ని లైవ్ నుంచి కత్తిరించి, చవకబారు సినిమా పాట జోడించి, పైన ఒక నీచమైన వాక్యం రాసి రీల్స్ యాప్‌లో పెట్టారు. కింద వందల కొద్దీ వ్యాఖ్యలు. అందులో పిల్ల పేరు ఉంది, చదివే బడి పేరు ఉంది. “తాతా, వాళ్లకు నా పేరెట్ల తెలిసింది?” అని అది అడిగితే ఆ రాత్రి నా దగ్గర జవాబు లేదు.

జవాబు మరునాడు దొరికింది. అసలు లైవ్‌ను మొదటి నుంచి చివరి వరకు కూర్చుని చూశాను. కార్యక్రమం మొదలయ్యే దాకా దాదాపు పది నిమిషాల పాటు తెర మీద శుభలేఖనే నిలిపి ఉంచారు. అందులో పిల్ల పూర్తి పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఇంటి డోర్ నంబరు, వీధి, రెండు ఫోన్ నంబర్లు స్పష్టంగా ఉన్నాయి. వీడియో శీర్షికలో మళ్లీ పిల్ల పేరు, మండపం పేరు, తేదీ. వేడుక మధ్యలో యాంకరమ్మాయి ముచ్చటగా మైకు అందించి, ఏ బడి, ఏ తరగతి, పెద్దయ్యాక ఏమవుతావు అని అడిగితే పిల్ల సిగ్గుపడుతూ అన్నిటికీ సమాధానం చెప్పింది. వీటిలో ఒక్కటి కూడా ఎవరూ దొంగిలించలేదు, ఏ హ్యాకరూ రాలేదు. ముఖం, పేరు, బడి, ఇల్లు అన్నీ మా చేతులతో మేమే ఒకచోట పోగుచేసి పెట్టాం. పైగా డోర్ నంబరు చూపిస్తూనే, ఇంటిల్లిపాదీ ఉదయం నుంచి మధ్యాహ్నం భోజనాల దాకా మండపంలోనే ఉంటారని కూడా చాటింపు వేశాం. ఆ రోజు ఇంటికి దొంగలు రాలేదంటే అది మా పుణ్యమే తప్ప జాగ్రత్త కాదు.

పక్కన నడిచిన చాట్‌ను చదవడం మరింత కష్టమైంది. మొదటి అరగంట మా బంధువుల దీవెనలే. ఆ తర్వాత ఎవరో తెలియని పేర్లు చేరాయి. పిల్ల వయసెంత, ఇన్‌స్టా ఐడీ ఏమిటి, ఆ పక్కన నీలం లంగా ఓణీ కట్టుకున్న పిల్ల ఎవరు అన్న ప్రశ్నలు. ఆ నీలం ఓణీ పిల్ల మా తమ్ముడి మనవరాలు. బంధువుల్లో ఒకరు ఎవరో చుట్టాలే అడుగుతున్నారనుకుని ఆ పిల్ల పేరు కూడా చాట్‌లో రాశారు. వేడుకకు వచ్చినవారంతా స్టేజీ మీదికే చూస్తున్నారు. కెమెరా దగ్గర ఉన్న కుర్రవాడి పని ఫోకస్ చూసుకోవడం. ఆ చాట్‌ను కనిపెట్టి చూడవలసిన మనిషి మండపంలో ఒక్కరూ లేరు.

వెంటనే స్టూడియోకు వెళ్లాం. ఆ స్టూడియో పేరు రాయను. అతడు చెడ్డవాడు కాడు, మర్యాదస్తుడు. “అందరివీ పబ్లిక్‌లోనే పెడతాం సార్, ఇంతవరకు ఎవరూ వద్దనలేదు” అన్నాడు. అది నిజమేనని నా నమ్మకం. పబ్లిక్‌లో ఎందుకు పెడతారన్నది తర్వాత అర్థమైంది. యూట్యూబ్‌లో ఒక ఛానెల్‌కు వీడియోల మీద ప్రకటనల ఆదాయం రావాలంటే దానికి 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, గడచిన 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండడం ఒక మార్గం. అందులో పబ్లిక్‌గా ఉన్న వీడియోలను చూసిన గంటలే లెక్కకు వస్తాయి. నాలుగేసి గంటలు సాగే పెళ్లిళ్లు, వేడుకలు ఆ లెక్కను నింపడానికి ఎంత అనువో చెప్పనక్కరలేదు. ఇక లైవ్ ముగిసింది కనుక అంతటితో అయిపోయిందని మేము అనుకోవడం మా తెలియనితనం. 12 గంటల లోపు లైవ్ అయితే, ముగియగానే అది మామూలు వీడియోగా ఆ ఛానెల్‌లో నిలిచిపోతుంది. మేము ఆల్బమ్ తెచ్చుకుని, మిగతా సొమ్ము కట్టి, రసీదు తీసుకున్నాక కూడా మా పిల్ల మంగళస్నానం ఆ ఛానెల్‌లో అందరికీ తెరిచిన తలుపులా ఉండిపోయింది.

నా ఉద్యోగకాలంలో కార్డు ముక్క మీద రాసే సంగతి వేరు, కవరులో పెట్టే సంగతి వేరు అన్నది అక్షరం రాని వారికి కూడా తెలుసు. పిల్ల పెద్దమనిషైన కబురు కార్డు మీద రాసిన తల్లిని నేను చూడలేదు. దగ్గరివారికి ఇన్‌లాండ్ లెటరు మడిచి అంటించి పంపేవారు. మరీ ముఖ్యమైతే రిజిస్టరు చేసి, అందినట్లు సంతకం తెప్పించుకునేవారు. ఈ లైవ్‌లోనూ అచ్చంగా ఆ మూడు దారులూ ఉన్నాయి. ‘పబ్లిక్’ అంటే కార్డు ముక్క, దారిన పోయే ఎవరైనా చదువుకోవచ్చు. ‘అన్‌లిస్టెడ్’ అంటే లింకు ఉన్నవారికి తప్ప వెతికితే కనపడదు. ‘ప్రైవేట్’ అంటే మనం ఈమెయిల్ ఇచ్చి పిలిచినవారికి మాత్రమే. చాట్‌ను పూర్తిగా ఆపివేసే వీలు కూడా ఉంది. ఇవన్నీ లైవ్ మొదలుపెట్టే ముందు ఒక్క నిమిషంలో అయ్యే పనులు, పైసా ఖర్చు లేనివి. అడగాలని మాకు తెలియదు, చెప్పాలని వారికి తోచలేదు. అన్‌లిస్టెడ్‌లో పెట్టి ఉంటే టెక్సాస్‌లోని కొడుకుకు, పీలేరులోని అక్కకు ఆ వేడుక అంతే చక్కగా కనిపించేది. ఆ లింకును ఎవరైనా వాట్సాప్ స్టేటస్‌లో పెడితే అది మళ్లీ కార్డు ముక్కే అవుతుందన్నది వేరే సంగతి. బంధువులకు ఆ మాట కూడా చెప్పి పంపాలి.

మేము చేసిన మరో పొరపాటు చెబుతాను, ఇంకొకరికి పనికొస్తుంది. కంగారులో అసలు వీడియోను ఆ గంటలోనే తీసేయించాం. దానితో పాటు చాట్ కూడా పోయింది. ఫిర్యాదు చేయబోతే ఆ పేర్లు, లింకులు, తేదీలు, స్క్రీన్‌షాట్లు ఉన్నాయా అని అడిగారు. క్లిప్‌కు సంబంధించినవి కొన్ని మా అల్లుడి ఫోన్‌లో మిగిలాయి కానీ, చాట్‌లో పిల్లల వివరాలు ఆరా తీసినవారి జాడ మాకు దక్కలేదు. ముందు అన్నిటినీ భద్రపరచుకుని, ఆ తర్వాతే తీసేయించాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలకు సంబంధించిన ఫిర్యాదును పేరు చెప్పకుండా కూడా ఇవ్వవచ్చు. 1930 నంబరు సైబర్ నేరాలకు, 1098 పిల్లల సహాయానికి ఉన్నాయి. మా ఫిర్యాదు మీద ఆ క్లిప్‌ను ఒక ఖాతా నుంచి తొలగించారు. పది రోజులకు వేరే ఖాతాలో కనిపించింది, మళ్లీ తీసేయించాం. ఇంకెన్ని ఫోన్లలో ఉందో తెలుసుకునే దారి లేదు. మా అమ్మాయి ఫోన్‌కు రాత్రివేళల్లో వచ్చిన కాల్స్ నంబరు మార్చుకున్నాకే ఆగాయి. పిల్ల రెండు వారాలు ట్యూషన్‌కు పోలేదు.

చట్టం సంగతి కూడా కొంత చదివాను. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో 9 మంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చిచెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండని ప్రతి ఒక్కరినీ బాలలుగానే చూస్తుంది. బాలల సమాచారాన్ని వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతిని సరిచూసుకుని తీసుకోవాలంటుంది, వారిని వెంటాడి ప్రకటనలు చూపడాన్ని నిషేధిస్తుంది, ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా అంటుంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. ఇదంతా మంచిదే. అయితే అదే చట్టం, ఒక వ్యక్తి తన సొంత, గృహ అవసరాల కోసం వాడుకునే సమాచారాన్ని, తనంతట తానే బహిరంగపరచిన సమాచారాన్ని తన పరిధిలోకి తీసుకోదు. అంటే అమ్మానాన్నలు, అవ్వాతాతలు తమ ఫోన్‌తో తామే మురిసిపోతూ పెట్టే లైవ్ దగ్గరికి ఆ చట్టం రాదు. సమాచార సాంకేతిక చట్టంలోని సెక్షన్లు గుప్తాంగాల చిత్రాలను, పిల్లలను అశ్లీలంగా చూపేవాటిని గట్టిగానే శిక్షిస్తాయి. కానీ మా క్లిప్‌లో ఉన్నది ఒంటి నిండా బట్టలున్న పిల్ల, పసుపు నీళ్లు, చుట్టూ మేనత్తలు. దాన్ని మురికి చేసింది వెనకాల పాట, పైన రాత, కింద చేరిన మాటలు. అలాంటిదాన్ని నేరమని ఒప్పించడానికి ఎంత తిరగాలో తిరిగినవారికే తెలుసు.

లైవ్ వేదికలు కూడా కొంత మారాయి. 2025 జులై 22 నుంచి యూట్యూబ్‌లో 16 ఏళ్లు నిండనివారు ఒంటరిగా లైవ్ చేయడానికి లేదు. ఇన్‌స్టాగ్రామ్ కూడా 16 ఏళ్లలోపు వారికి తల్లిదండ్రుల అనుమతి లేకుండా లైవ్ ఇవ్వబోమని అదే ఏడాది ప్రకటించింది. 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో బిగో లైవ్ వంటివి ఉన్నాయి. అయినా నాణేలు, బహుమతులు పంపి, ఎదుటివారిని విడిగా మాట్లాడదాం రమ్మనే తరహా యాప్‌లు పూర్తిగా పోలేదు; పిల్లల ఫోన్లలో అవి ఉన్నాయేమో పెద్దలు చూసుకోవలసిందే. నా బాధ అంతకన్నా దగ్గరిది. ఈ వయసు హద్దులన్నీ ఫోన్ పట్టుకున్న పిల్లలకే. ఫోన్ పెద్దల చేతిలో ఉండి, పిల్ల తెర మీద ఉంటే దాని వయసు ఎవరూ అడగరు. ఆడపిల్లల వేడుకలన్నీ అలా పెద్దల చేతుల మీదుగానే బయటికి పోతున్నాయి.

ఇది ఒక్క ఆడపిల్లల సంగతి కూడా కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మన మగపిల్లలు మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం కట్టి, కాటుక, పూలు పెట్టుకుని వీధుల్లో నడుస్తారు. మన ఊరు దాన్ని భక్తిగా చూస్తుంది, తల్లులు దిష్టి తీస్తారు. ఆ చూపు వేరు. మా వీధిలో ఒక తల్లి, తన ఎనిమిదేళ్ల కొడుకు వేషం కట్టుకుంటుండగా మురిసిపోతూ ఫేస్‌బుక్‌లో లైవ్ పెట్టింది. జాతర అంటే ఏమిటో, ఆ మొక్కు ఏమిటో తెలియనివారు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ బిడ్డను వెక్కిరించిన మాటలు ఆమె చదవలేక ఫోన్ పక్కన పెట్టేసింది. ఊరు చూసే చూపుకూ, ఊరూపేరూ లేనివాడు చూసే చూపుకూ ఉన్న తేడాను ఆ లైవ్ చెరిపేస్తుంది.

పైన కొండ మీద మనకు ఒక మర్యాద ఎప్పటి నుంచో ఉంది. స్వామివారి కల్యాణోత్సవాన్ని ఎస్వీబీసీ ఛానెల్ ప్రపంచమంతటికీ ప్రత్యక్ష ప్రసారంలో చూపిస్తుంది. లక్షల మంది ఇళ్లలో కూర్చుని చూసి తరిస్తారు. కానీ గర్భాలయంలోకి కెమెరా పోదు, మనం కూడా ఫోన్లు కౌంటర్‌లో అప్పగించి దర్శనానికి వెళతాం. దాన్ని ఎవరూ ఇబ్బందిగా భావించరు. మన ఇళ్లలోనూ హారతి పట్టే ఘట్టం ఉంటుంది, లోపలి గది ఘట్టమూ ఉంటుంది. నలుగు, మంగళస్నానం ఒకప్పుడు పెరట్లో, ఆడవాళ్ల మధ్య జరిగేవి. వాటిని మండపం స్టేజీ మీదికి తెచ్చింది మనమే. కనీసం ఆ భాగం వరకు లైవ్ ఆపి, పిల్ల చక్కగా ముస్తాబై కుర్చీలో కూర్చున్నాక మొదలుపెట్టమనడం పెద్ద కోరిక కాదనుకుంటాను.

స్టూడియోల వారికి నా మనవి ఒక్కటే. మీ ఆర్డరు ఫారంలో ఆల్బమ్ షీట్లు ఎన్ని, డ్రోన్ కావాలా వద్దా అని రాసుకున్నట్లే, ‘లైవ్’ అన్న చోట అది ఎవరికి కనిపించాలి, చాట్ ఉంచాలా, ఎన్ని రోజుల తర్వాత తీసేయాలి అన్న మూడు గడులు చేర్చండి. చిన్నపిల్లల వేడుక అయితే అడగకుండానే అన్‌లిస్టెడ్‌లో పెట్టండి. శుభలేఖను తెర మీద చూపేటప్పుడు డోర్ నంబరు, ఫోన్ నంబర్లు ఉన్న భాగాన్ని మూసేయండి. మీకు ఎడిటింగ్ నేర్పవలసిన పని లేదు. వేడుక వీడియో మీ పనితనానికి నమూనాగా ఛానెల్‌లో ఉంచుకోవాలనుకుంటే ఇంటివారిని అడిగి, వారి సంతకం తీసుకుని ఉంచుకోండి. జిల్లాలోని ఫొటోగ్రాఫర్లంతా ఒకచోట కూర్చుని ఈ మాట ఒప్పుకుంటే, ఏ ఒక్క స్టూడియోకూ గిరాకీ పోతుందన్న బెంగ ఉండదు. మండపాల యజమానులు ప్లాస్టిక్ గ్లాసులు వాడకండి అని బోర్డు పెడుతున్నారు. అదే గోడ మీద లైవ్ గురించి కూడా రెండు వాక్యాలు రాయించవచ్చు. యాంకర్లు మైకులో పిల్లలను బడి పేరు అడగకుండా ఉండవచ్చు.

తల్లిదండ్రులను కోరేది ఇంకొకటుంది. లైవ్ పెట్టాలా వద్దా అని బావమరిదిని అడుగుతాం, వియ్యంకులను అడుగుతాం, ఖర్చు గురించి స్టూడియోను అడుగుతాం. ఎవరి ముఖం ఆ తెర మీద ఉండబోతోందో ఆ పిల్లను అడగడం నాకు తట్టలేదు. మొన్న శ్రావణంలో మా చిన్నమ్మాయి గృహప్రవేశానికి లైవ్ మాట వచ్చినప్పుడు, ఆర్డరు ఫారం తెచ్చి మా మనవరాలి ముందే పెట్టాను. అది పెన్ను తీసుకుని ‘అన్‌లిస్టెడ్, చాట్ వద్దు, 15 రోజులకు డిలీట్’ అని రాసి, కాసేపు ఆలోచించి, కింద ఇంకో వాక్యం చేర్చింది: పిల్లల దగ్గరికి కెమెరా తీసుకుపోయే ముందు అడగాలి. స్టూడియో అబ్బాయి చదివి, సరేనని సంతకం పెట్టాడు.

ఈ ఉత్తరాన్ని ప్రచురించదలిస్తే నా పేరు, చిరునామా వేయవద్దని ప్రార్థన. వాటిని మీ కార్యాలయ రికార్డు కోసం విడిగా పంపుతున్నాను. నా పేరు పత్రికలో కనిపిస్తే మా వీధిలో, మా పిల్ల బడిలో అది ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఈ ఉత్తరం పంపే ముందు దానికి చదివి వినిపించాను. రాయమంది, పేరు మాత్రం వద్దంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తపాలా ఉద్యోగి,
తిరుపతి.